పక్క డాబా మీది నీడ

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను సూరత్‌కు రెసిడెంట్ ఇంజనీరుగా పంపారు. పేరు వినడానికి గొప్పగా ఉంటుంది గాని, చేసేది ఒకరకంగా కావలి పనే. మా ప్రయోగశాల గీసిచ్చిన డిజైను ప్రకారం ఒక ప్రైవేటు కర్మాగారం పరికరం తయారు చేస్తుంటే, అక్కడే కూర్చుని ప్రతి దశనూ చూడాలి. సంతకం పెట్టవలసిన చోట పెట్టాలి, పెట్టకూడని చోట ఎవరెంత బతిమాలినా పెట్టకూడదు. ఆ పరికరం ఒక శాస్త్రీయ ఉపగ్రహంలో వెళ్లవలసిన నావిగేషన్ రిసీవరు. డిజైను నాది. కర్మాగారం ఇచ్ఛాపూర్ పారిశ్రామిక వాడలో ఉంది. నా పదవీ విరమణకు అప్పటికి రెండేళ్లు కూడా లేవు. అదే నా చివరి డిజైను అవుతుందని నాకూ తెలుసు, నన్ను పంపినవాళ్లకూ తెలుసు.

సూరత్ నాకు కొత్త ఊరు కాదు. మా నాన్న సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గం పనికి వచ్చి అమ్రోలిలో నిలదొక్కుకున్నాడు. నేను పుట్టింది, చదివింది అక్కడే. మా అన్న లక్ష్మణ్ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటాడు, జోల్వాలో మరమగ్గాల షెడ్డు చూసుకుంటాడు. కర్మాగారం వాళ్లు గెస్ట్‌హౌస్ ఇస్తామన్నారు. అది తెలిసి మా వదిన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. దాంతో మకాం అమ్రోలికి మార్చాను. పొద్దున్నే కారు వచ్చి ఇచ్ఛాపూర్‌లో దింపేది. సాయంత్రం ఇంటికి చేరగానే అన్న వరండాలో కూర్చుని వేళాకోళం మొదలుపెట్టేవాడు.

“ఏం చెల్లె, ఆకాశంల తిరిగేటోళ్లకు నువ్వే తొవ్వ జూపెడ్తవట. మొన్న చౌక్ బజార్ల నువ్వే తప్పిపోతివి గదా!”

తప్పిపోయిన మాట నిజమే. ఆ రోజు నా ఫోనులో చార్జింగు లేదు.

ఉపగ్రహానికి దారి చూపే రిసీవరు ఎందుకని చాలామంది అడుగుతారు. మన ఫోనులో ఉన్నదీ అదే జాతి పరికరం. పైన తిరిగే నావిగేషన్ ఉపగ్రహాలు ‘ఇప్పుడు సమయం ఇంత, నేను ఇక్కడున్నాను’ అని ఎడతెగకుండా చెబుతుంటాయి. నాలుగింటి మాట వింటే మనమెక్కడున్నామో లెక్క కట్టవచ్చు. కాని ఫోను నేల మీద నడుస్తుంది. శాస్త్రీయ ఉపగ్రహం సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్లు పోతుంది. ఆగకుండా స్టేషను దాటిపోయే రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు ఒక స్థాయిలో, దాటాక మరో స్థాయిలో వినిపిస్తుంది కదా, ఆ వేగానికి నావిగేషన్ సంకేతాల పౌనఃపున్యం కూడా అలాగే మారిపోతూ ఉంటుంది. మారుతున్న కూతను పట్టుకుని వదలకుండా వెంబడించడమే మా రిసీవరు పని. పైగా బజారులో దొరికే రిసీవర్లు ఒక ఎత్తు, ఒక వేగం దాటితే వాటంతటవే మూగబోతాయి. క్షిపణులకు వాడకుండా అలా కట్టడి చేశారు. అందుకే మావి మేమే తయారు చేసుకుంటాం.

ఈ రిసీవరులో మరొక పని కూడా పెట్టాం. ఈ జ్ఞాపకమంతా దాని గురించే.

నావిగేషన్ ఉపగ్రహం ఒకటి భూమి అంచు వెనక్కి దిగిపోతుందనుకోండి. దిగే ముందు దాని సంకేతం వాతావరణపు పొరల గుండా అడ్డంగా వస్తుంది. గాలిలో చల్లదనం, తేమ ఎంతుంటే అంత వంగుతుంది, అంత ఆలస్యమవుతుంది. ఆ వంపును సరిగా కొలిస్తే, నేల నుంచి పైదాకా ఎక్కడెంత తేమ ఉందో చెప్పవచ్చు. ఇది ప్రపంచానికి కొత్త విద్యేమీ కాదు. అయితే నేలకు దగ్గరైన కొద్దీ సంకేతం బక్కచిక్కి, వణికి, మామూలు పద్ధతికి చేతికందకుండా జారిపోతుంది. తుది కొన్ని క్షణాలూ సంకేతాన్ని వెంటాడకుండా, అది ఎక్కడ ఉండాలో ముందే లెక్క కట్టి అక్కడ కాచుకునే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని చాలా తక్కువ విద్యుత్తుతో చేసే అమరిక నేను తయారు చేశాను. మేము దానికి పెట్టుకున్న పేరు ‘దిగువ ఛానలు’.

అది కావాలని అడిగింది వారిజ. మరో సంస్థలో వాతావరణ శాస్త్రవేత్త, నాకు పాతికేళ్ల స్నేహితురాలు. నైరుతి రుతుపవనాలు కేరళ తాకే ముందు వారాల్లో అరేబియా సముద్రం మీద తేమ ఎలా పేరుకుంటుందన్నది ఆమె జీవితకాలపు ప్రశ్న. నేల మీదైతే బెలూన్లు ఎగరేస్తారు. సముద్రం మధ్యలో ఎవరు ఎగరేస్తారు? వేరే దేశాల ఉపగ్రహాల కొలతలు ఆమె వాడేది. అవి తనకు కావలసిన చోట, కావలసిన వేళ చాలినన్ని పడేవి కావు. ఈ ఉపగ్రహం కక్ష్య సరిగ్గా ఆమె సముద్రం మీదుగా పోతుంది. ఆమె కూడా నాలాగే విరమణ అంచున ఉంది. ఇది ఎగిరితే ఒకటి రెండు వానాకాలాల కొలతలైనా చేతికొస్తాయి, నా ప్రశ్నకు జవాబు చూసే ఇంటికెళతాను అనేది. నేను మాట ఇవ్వలేదు. మా వృత్తిలో మాటలివ్వరు. కాని మనసులో ఇచ్చేశాను.

ఇచ్ఛాపూర్ కర్మాగారంలో పరీక్షల విభాగానికి పెద్ద స్వప్న. ముప్పై అయిదేళ్లుంటాయి, సూరత్‌లోనే పుట్టిన తెలంగాణ పిల్ల. ఫోనులో గుజరాతీలో సామాను ఆర్డరిచ్చి, హిందీలో కుర్రాళ్లను కసిరి, నా వైపు తిరిగి తెలుగులో నవ్వేది. పనిలో మాత్రం అతి నిక్కచ్చి మనిషి. ఆమె గీసిన గడిలో నేను సంతకం ఒక్క వెంట్రుక పక్కకు పెట్టినా ఒప్పుకునేది కాదు.

రిసీవరుకు రెండు రకాల పరీక్షలుంటాయి. మొదటిది సిమ్యులేటరుతో. అది గదిలోనే దొంగ ఆకాశాన్ని పుట్టించే యంత్రం. దాని ముందు మా రిసీవరు తాను కక్ష్యలో తిరుగుతున్నాననే నమ్ముతుంది. ఆ పరీక్షల్లో దిగువ ఛానలు వంక లేకుండా నెగ్గింది. రెండోది అసలు ఆకాశంతో. డాబా మీద యాంటెన్నా బిగించి, కేబులు కింద పరీక్షల గదికి దింపి, నిజమైన ఉపగ్రహాల మాట వినిపిస్తాం. నేల మీద కదలకుండా కూర్చున్న రిసీవరుకు అది అసలు పరీక్ష కాదు గాని, దిగంతానికి దిగిపోయే ఉపగ్రహాలను పట్టగలదా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఎండలు ముదిరాక అసలు ఆకాశపు పరీక్ష మొదలుపెట్టాం. మొదటి వారంలోనే స్వప్న నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“మేడం, మిగతా ఛానళ్లన్నీ బరాబర్ ఉన్నయ్. గీ దిగువ ఛానలొక్కటే కొద్దిసేపు పక్కకు గుంజుకపోతుంది. మళ్ల దానంతటదే సీదా అయితుంది.”

చూశాను. ఉపగ్రహం పడమటి దిక్కున కిందికి దిగుతుండగా, సంకేతం ఉండవలసిన చోటికి కొద్దిగా ఆలస్యంగా మరొక సంకేతం నీడలా కనబడుతోంది. ఆ నీడ ఊగుతోంది. దిగువ ఛానలు ఒక్కోసారి అసలును వదిలి నీడను పట్టుకుంటోంది. వారంలో రెండుసార్లు వచ్చింది, తర్వాత రాలేదు, మళ్లీ వచ్చింది.

ఇలాంటిది కనబడగానే ఈ వృత్తిలో ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ప్రతిఫలనం. దగ్గర్లో ఏదైనా లోహపు రేకు ఉంటే సంకేతం దానికి తగిలి ఇంకో దారిలో ఆలస్యంగా వస్తుంది. మేమూ మొదట అదే అనుకున్నాం. కాని డాబా చుట్టూ ఏముందో శీతాకాలంలోనే సర్వే చేశారు. లోహపు వస్తువేదీ లేదని సంతకాలయ్యాయి. పైగా పరీక్ష మొదలుపెట్టే ముందు ప్రతి ఉదయం ఒకరు డాబా ఎక్కి కనెక్టర్లు చూసి, పరిసరాలు చూసి, ‘శుభ్రం’ అని రాయాలని నియమం. రోజూ రాశారు, నిజమే రాశారు. మూడోది ఇంకా గట్టి ఆధారం. ప్రతిఫలనానికి ఒక గుర్తు ఉంటుంది. నావిగేషన్ ఉపగ్రహం ఇవాళ ఉన్న చోటికే రేపు నాలుగు నిమిషాల ముందు వస్తుంది. రేకు కదలదు కనుక ఆ నీడ కూడా రేపు నాలుగు నిమిషాల ముందు తిరిగి రావాలి. మాది అలా రావడం లేదు. పాఠ్యపుస్తకం ప్రకారం ఇది ప్రతిఫలనం కాదు.

అయితే తప్పు రిసీవరు లోపలే ఉండాలి. ఒక ఛానలు నుంచి మరో ఛానలుకు సంకేతం కారుతుండాలి. స్వప్నా నేనూ మా రేఖాచిత్రాలను ఎన్ని రకాలుగా గీశామో లెక్క లేదు. ఉపగ్రహం నంబరుతో పోల్చాం, ఎత్తుతో పోల్చాం, పెట్టె వేడితో, విద్యుత్ సరఫరాలో ఎగుడుదిగుళ్లతో పోల్చాం. దేనితోనూ పొత్తు కుదరలేదు.

ఇక్కడ మా కులాచారం ఒకటి చెప్పాలి. నావిగేషన్ పనిలో ఉన్నవాళ్లు గోడ గడియారం చూడరు. మా రికార్డులన్నీ ఉపగ్రహ కాలంలో ఉంటాయి. వారం నంబరు, ఆ వారంలో ఎన్నో సెకను, అంతే. ఏ దేశంలో ఏ ప్రయోగశాల రాసినా ఒకే కాలం కనుక లెక్క తప్పదు. కొత్తగా చేరినవాళ్లు భారత కాలమానంలో సమయం రాస్తే మేమే నవ్వి దిద్దిస్తాం. ఆరంకెల సెకన్ల సంఖ్యను చూసి అది పొద్దునా మధ్యాహ్నమా అని మాలో ఎవరూ అనుకోరు. అనుకోవలసిన అవసరం అంతకు ముందు ఎన్నడూ రాలేదు.

సమీక్ష బోర్డు సూరత్‌లోనే కూర్చుంది. అధ్యక్షుడు మా ప్రయోగశాలలోనే నాకంటే పై హోదాలో ఉన్నవారు, ముక్కుసూటి మనిషి, ఎవరి పక్షమూ వహించరు. సభ్యులు బయటి సంస్థలవాళ్లు. డిజైనరుకు బోర్డులో ఓటు ఉండదు. అడిగినదానికి జవాబు చెప్పాలి, అడగనిదానికి నోరు మూసుకోవాలి. అది మంచి నియమమే. ఎవరి బిడ్డ వాళ్లకు ముద్దు కదా.

తేల్చవలసింది ఒకటే. అంతరిక్షంలోకి వెళ్లే రిసీవరులో తర్కమంతా ఒకే చిప్‌లో ఉంటుంది. మామూలు చిప్‌లో రాసినదాన్ని చెరిపి మళ్లీ రాయవచ్చు. కాని అంతరిక్షపు రేడియేషన్ ఆ రాతను చెడగొడుతుంది. అందుకని ఒక్కసారి మాత్రమే రాయగల చిప్ వాడతాం. లోపలి అతుకులు శాశ్వతంగా బిగుసుకుపోతాయి, ఆ తర్వాత దేవుడు దిగివచ్చినా మార్చలేడు. దిగువ ఛానలును ఆ చిప్‌లో ఉంచి రాయాలా, తీసేసి రాయాలా అన్నదే ప్రశ్న.

అధ్యక్షుడు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. ఈ నీడకు కారణం తెలిసిందా అన్నారు. తెలియలేదన్నాను. లోపల లోపమే అయితే అది ఉపగ్రహం స్థానం చెప్పే అసలు పనిని చెడగొట్టదని హామీ ఇవ్వగలరా అన్నారు. ఇవ్వలేనన్నాను. దిగువ ఛానలు, అసలు పని ఒకే చిప్‌లో ఒకే గడియారం పంచుకుంటాయి. ఒకటి చెడి రెండోదాన్ని పట్టుకుంటే ఉపగ్రహమే దారి తెలియని గుడ్డిది అవుతుంది. మరో రెండు మూడు వారాల గడువు కావాలని మాత్రం అడిగాను. రాకెట్టు ఇంకొందరితో కలిసి పంచుకున్నది, మన కోసం ఆగదన్నారు. అదీ నిజమే.

కారణం తెలియని లోపాన్ని ఎగరనివ్వకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. నేనే ఎందరికో చెప్పిన నియమం. బోర్డు దిగువ ఛానలు తీసేయమని తీర్మానించింది. వాళ్ల స్థానంలో నేనుంటే నేనూ అదే రాసేదాన్ని. ఇది నన్ను నేను ఓదార్చుకోవడానికి చెప్పేమాట కాదు, అప్పుడూ ఇప్పుడూ నా అభిప్రాయం అదే.

వారిజకు ఫోను చేసి చెప్పాను. ఆమె విని, మా వదిన ఎలా ఉందని అడిగింది, కాసేపు అవీ ఇవీ మాట్లాడి పెట్టేసింది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

చిప్‌ను రాసేటప్పుడు స్వప్న పక్కనే నిలబడింది. స్క్రీను మీద ‘పూర్తయింది’ అని వచ్చాక ఆమె తనలో తాను అన్నట్టుగా అంది.

“జర టైమ్ ఇచ్చి ఉంటే దొర్కుతుండె మేడం.”

రిసీవరును పెట్టెలో బిగించారు. లక్క పూశారు. కుదుపు పరీక్ష, శూన్యంలో వేడి, చలి పరీక్ష అన్నీ నెగ్గింది. ఉపగ్రహాన్ని కూర్చే కేంద్రానికి పంపించేశాం. నేను అహ్మదాబాదులోని మా ప్రయోగశాలకు తిరిగి వెళ్లడానికి సామాను సర్దుకుంటున్నాను.

చివరి పని డాబా మీది యాంటెన్నా విప్పడం. అది ప్రయోగశాల ఆస్తి కనుక నా సమక్షంలో విప్పి, నాకు అప్పగించాలి. అందరూ కాగితాలతో తలమునకలుగా ఉండటంతో అది భోజనాల వేళకు పడింది. స్వప్నా నేనూ పైకెక్కాం. ఎండాకాలం మొదలయ్యాక మధ్యాహ్నం పూట నేను ఆ డాబా ఎక్కడం అదే మొదటిసారి. ఎవరికైనా మొదటిసారే. యాంటెన్నాకు మనిషి అక్కర్లేదు, కేబులు దానంతటదే కిందికి పోతుంది. కాలు పెడితే సిమెంటు కాలిపోయే వేళ ఎవరు ఎక్కుతారు?

మా షెడ్డుకు ఆనుకుని తూర్పున ఇంకొక షెడ్డు ఉంది. రెండు డాబాలకూ మధ్య మోకాలెత్తు పిట్టగోడ మాత్రమే అడ్డం. ఆ షెడ్డులో జరీ పోగు తీస్తారు. జరీ అంటే ఇప్పుడు వెండీ బంగారమూ కాదు. పలచటి ప్లాస్టిక్ ఫిల్ముకు అల్యూమినియం పూత పూసి, దాన్ని సన్నటి దారాలుగా చీలుస్తారు. మా ఇంట్లో మగ్గం మీద నేను చిన్నప్పటి నుంచి చూసిన పోగే. స్పానరు అందించమని స్వప్న తెలుగులో అరిచింది. పక్క డాబా మీంచి ఎవరో పలికారు.

“మనోళ్లేనా అక్కా? గింత ఎండల ఏం జేస్తున్రు? జర నీడకు రాండ్రి, మంచినీళ్లు తాగుండ్రి.”

తిరిగి చూశాను. అయిదారుగురు కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. వాళ్ల నెత్తిన, ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకుకూ రెండు వెదురు గడలకూ కట్టి, పనికిరాని జరీ ఫిల్ము పెద్ద పందిరిలా పరిచి ఉంది. పడమటి ఎండ మీద పడకుండా ఒక పక్క దాన్నే నేలదాకా తెరలా దింపారు. ఆ తెర సరిగ్గా మా యాంటెన్నాకు ఎదురుగా ఉంది. హజీరా దగ్గరి సముద్రం మీంచి గాలి వచ్చినప్పుడల్లా ఊగి, పటపటమంటూ కళ్లు మూసుకుపోయేలా మెరుస్తోంది.

స్వప్న చేతిలో విప్పిన నట్టు అలాగే ఉంది. నేను పిట్టగోడ దాటి వెళ్లి ఆ నీడలో కూర్చున్నాను. పిలిచిన అతని పేరు మల్లేశం. జగిత్యాల దిక్కు. నా చేతికి నీళ్ల సీసా ఇచ్చి, మాది ఏ ఊరని అడిగాడు. చెప్పి, ఈ పందిరి ఎప్పటి నుంచి కడుతున్నారని అడిగాను.

“ఎండలు ముదిరినప్పటి సంది అక్కా. కింద మిషిన్ల వేడికి ముద్ద దిగదు. గందుకే తినే యాళ్లకు కడ్తం, తినంగనే విప్పి మడతపెట్టి ట్యాంకి కింద వెడ్తం. పారేసే రద్దీ మాలే గని షేఠ్ తూకానికి అమ్ముతడు, ఎండకు ఖరాబైతే లొల్లి జేస్తడు.”

పొద్దున్నే ‘శుభ్రం’ అని రాసినవాళ్లు ఎందుకు నిజమే రాశారో అర్థమైంది. నీడ నాలుగు నిమిషాల లెక్కకు ఎందుకు లొంగలేదో అర్థమైంది. అది ఉపగ్రహ కాలం ప్రకారం రాలేదు, వీళ్ల ఆకలి ప్రకారం, ఒకరోజు కాస్త ముందూ ఒకరోజు కాస్త వెనకా వచ్చింది. భోజనం వేళకు పడమట ఏదైనా ఉపగ్రహం దిగుతుంటే వచ్చింది, దిగకపోతే రాలేదు. స్వప్న మొబైలు తీసి, తనకు కంఠస్థమైపోయిన ఆ సెకన్ల సంఖ్యలను ఒక్కొక్కటే మన గడియారంలోకి మార్చసాగింది. రెండు మూడు మార్చాక ఆపేసి మొబైలు జేబులో పెట్టుకుంది.

విషయం మల్లేశానికి దాచబుద్ధి కాలేదు. ఈ మెరిసే తెర వల్ల మా మిషనుకు తప్పు సంకేతం తగిలిందని, అది తెలియక మిషనులో ఒక భాగం తీసేశామని నాకు చేతనైనంత సులువుగా చెప్పాను. అతను ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. పందిరి వైపు చూశాడు, మా యాంటెన్నా వైపు చూశాడు.

“అయ్యో! మరి ఒక్క మాట జెప్తే తీసేద్దుం గదక్కా. మేము కింద గోదాంల గూసొని తింటుంటిమి.”

అతని గొంతులో నిష్ఠూరం లేదు, నొచ్చుకోవడం ఉంది. నాకు ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడ్వడం అలవాటు లేక నీళ్లు తాగాను. వాళ్లు మాకు చెరో రొట్టె, మిరపకాయ తొక్కు పెట్టారు. తిన్నాం. మా అమ్మ చేసే తొక్కులాగే ఉంది.

అనుమానం నిజమని తేల్చకుండా కాగితం మీద పెట్టలేం. మా దగ్గర ప్రయోగాలకు వాడే నమూనా రిసీవరు ఒకటి ఉంది. దానిలో తిరిగి రాయగల చిప్, దిగువ ఛానలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ప్రయాణం వాయిదా వేసుకుని యాంటెన్నాను మళ్లీ బిగించాం. పడమట ఉపగ్రహం దిగే వేళలు లెక్క కట్టి మల్లేశానికి ముందే చెప్పాం. కట్టమంటే కట్టారు, విప్పమంటే విప్పారు. కట్టినప్పుడల్లా నీడ వచ్చింది, విప్పగానే పోయింది. ఇక దాచడానికేమీ లేదు. లోపం రిసీవరులో లేదు, ఏనాడూ లేదు.

అధ్యక్షుడు ఫోనులో అంతా ఓపికగా విన్నారు. కనిపెట్టినందుకు మెచ్చుకున్నారు. ఇప్పుడు పెట్టె విప్పి, కొత్త చిప్ రాసి బిగిస్తే కుదుపు, శూన్యం పరీక్షలన్నీ మొదటి నుంచీ చేయాలని, ఉపగ్రహం అప్పటికే కూర్పులో ఉందని, వీలుపడదని చెప్పారు. తర్వాతి ఉపగ్రహానికి తప్పక పెడదామన్నారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. తర్వాతి ఉపగ్రహానికి అనుమతి రాలేదు, అంతే. నేను రిటైరయ్యాను.

ఆ సాయంత్రం అన్నకు జరిగింది చెప్పాను. ఎప్పుడూ లేనిది వేళాకోళం చేయలేదు.

“ఇంటోళ్లనే అడగకపోతివి చెల్లె. ఎండల జరీ ఎట్ల మెరుస్తదో నీకు తెల్వదా?” అన్నాడు.

తెలుసు. ఏడేళ్ల వయసులో అద్దం లేకపోతే జరీ ఫిల్ము ముక్కతోనే మా వీధి పిల్లల కళ్లలోకి ఎండ కొట్టేదాన్ని. ప్రయోగశాలలో అడుగుపెట్టాక దాన్ని చీర అంచుగా తప్ప మరోలా చూసింది లేదు.

ఉపగ్రహం అనుకున్న వేళకు వెళ్లింది. మా రిసీవరు చెప్పిన స్థానాలు ఈ రోజుకీ తప్పలేదు. సాటి ఇంజనీర్లు మెచ్చుకున్నారు, సభలో శాలువా కప్పారు. అది రోజుకు ఎన్నోసార్లు అరేబియా సముద్రం మీదుగా పోతుంది. పోయిన ప్రతిసారీ ఏదో ఒక నావిగేషన్ ఉపగ్రహం ఆ తేమ గాలి పొరల వెనక్కి దిగుతూ సంకేతం పంపుతూనే ఉంటుంది. దాన్ని వినగలిగే భాగం మా పెట్టెలో లేదు.

వారిజ కూడా రిటైరైంది. నిరుడు రుతుపవనాలు ఆలస్యమైన రోజుల్లో ఒకసారి తనే ఫోను చేసింది. “వాన ఎలాగూ వస్తుంది సులోచనా. ఎందుకు ఆగిందో మాత్రం చెప్పలేకపోతున్నాం, అంతే,” అంది. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. నాకు ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటూనే ఉంటుంది.

రిటైరయ్యే ముందు పరీక్షా విధానపు పత్రంలో రెండు వాక్యాలు చేర్పించాను. అసలు ఆకాశంతో పరీక్ష జరిగినన్నాళ్లూ రికార్డులో ఉపగ్రహ కాలం పక్కన స్థానిక సమయం కూడా రాయాలన్నది మొదటిది. దానికెవరూ అడ్డు చెప్పలేదు. పరీక్ష జరిగే వేళల్లో డాబా ఎక్కి, చుట్టుపక్కల డాబాల మీద ఉన్నవాళ్లతో మాట్లాడాలన్నది రెండోది. సాంకేతిక పత్రంలో ఇలాంటి వాక్యం ఉండవచ్చా అని ఒక సభ్యుడు అడిగాడు. ఎందుకు ఉండాలో చెప్పాను. ఉంచారు.

ఈ సంఘటన నుంచి నేర్చుకున్నది ఇది. కారణం తెలియని లోపాన్ని ఎగరనివ్వకూడదన్న నియమం సరైనదే, దాన్ని సడలించకూడదు. అయితే కారణం తెలియలేదని రాసేటప్పుడు, ఎక్కడెక్కడ వెతికామో రాసినట్టే ఎక్కడ, ఏ వేళలో వెతకలేదో కూడా రాయాలి. మేము ఆ జాబితా రాసి ఉంటే మొదటి వరుసలోనే ‘మధ్యాహ్నం డాబా’ అని పడేది. ఒకరు ఎక్కి చూసేవారు, మల్లేశాన్ని ఒక్క మాట అడిగేవారు, అతను తీసేసేవాడు.